అమ్మని కూర్చోబెట్టి తప్పు చేశామా?

కొత్తపేట: మా అమ్మకు 71. నాన్న పోయాక, రెండేళ్ళ కిందట ఊరి నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. వాకిలి ఊడ్చి, పాడి చూసుకున్న మనిషి. ఇక్కడ 'ఇక కష్టపడొద్దమ్మా' అని ఒక్క పనీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు చేతులు ఆనిస్తే గానీ కుర్చీలోంచి లేవలేదు. జాకెట్లన్నీ వదులైపోయాయి. అన్నయ్య 'వయసు, అంతే' అంటాడు. నాకేమో మేమే చేశామనిపిస్తోంది.

తెనాలి కోడలు: మీ అన్నయ్యగారి మాటే సరైనదండీ. మా అత్తయ్యగారు వద్దన్నా వినకుండా గిన్నెలు కడగబోయి, తడి బండల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో నాకు తెలుసు. పని చేయనివ్వమని చెప్పడం తేలిక.

ఫిజియో, వరంగల్: అమ్మా, మీరు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ కాళ్ళలో సత్తువ తగ్గినవాళ్ళే ఎక్కువగా పడిపోతారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ నీరసం, పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గిపోవడం. మూడు కనబడితే ఫ్రెయిల్టీ, అంటే వయసులో ఒళ్ళు సత్తువ తగ్గి చిన్న దెబ్బకీ, జబ్బుకీ తట్టుకోలేని స్థితి. ఒకటో రెండో ఉంటే దాని ముందు దశ, అప్పుడే పట్టుకుంటే కోలుకునే అవకాశం ఉంటుంది. 2007లో ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచారు. కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. పది రోజులకే! రెండేళ్ళు కూర్చోబెడితే ఏమవుతుందో ఆలోచించండి.

మందుల షాపు: తిండి సంగతి ఎవరూ అడగలేదు. రాత్రి మజ్జిగన్నం, పొద్దున రెండు ఇడ్లీలు, ఇదేనా? 65 దాటినవాళ్ళకి కిలో బరువుకి రోజుకి గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. 50 కిలోల మనిషికి కనీసం 50 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరే. (కిడ్నీ జబ్బుంటే డాక్టర్‌ని అడగకుండా పెంచకండి.) పళ్ళు సరిగా లేక నమలలేకపోతున్నారేమో చూడండి. ఐదారు రకాల మాత్రలు వాడుతుంటే అన్నీ ఒకసారి డాక్టర్‌కి చూపించండి, కొన్నిటివల్ల తల తిరుగుతుంది.

ఫిజియో, వరంగల్: తిండి ఒక్కటే చాలదండీ. 1994లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న వందమందిని చూశారు, సగటు వయసు 87. బరువులతో వ్యాయామం చేసినవాళ్ళకి పది వారాల్లో కండబలం రెట్టింపు దాటింది. బలవర్ధక పానీయం మాత్రమే తాగినవాళ్ళకి అలా పెరగలేదు.

తెనాలి కోడలు: అక్కడ పక్కనే మనిషి ఉండి చేయించారు. మేమిద్దరం ఉద్యోగాలకి పోతే ఇంట్లో ఎవరున్నారు?

కొత్తపేట: నిన్న రాత్రి అమ్మనే అడిగాను. 'లేచి ఏం చేయాలిరా, ఇక్కడ నాకేం పనుంది' అంది. నిద్ర పట్టలేదు. బరువు ఎందుకు తగ్గిందో పరీక్షలు చేయించడానికి శనివారం తీసుకెళ్తున్నాను. బాత్రూమ్‌లో పట్టుకోడానికి రాడ్ వేయిస్తున్నాను. సాయంత్రం వంట ఇక అమ్మదే, నేను పక్కన ఉంటాను. పగటిపూట సంగతే ఇంకా తేలలేదు.