ఇంట్లో పెద్ద కుక్కలున్నప్పుడు కొత్త కూనను కలపడం ఎలా?

ప్రశ్న (అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేటకు దగ్గరలోని పల్లె. పెంకుటిల్లు, చుట్టూ ఎకరం కొబ్బరితోట, తోట చివర పంటకాలువ. మా ఇంట్లో ముందు నుంచీ రెండు కుక్కలున్నాయి. పండు నాటు మగకుక్క, దానికి 9 ఏళ్లు. మా పెద్దబ్బాయి పుట్టిన ఏడాది కాలువ గట్టున వానలో తడుస్తూ కనిపిస్తే మామయ్యగారు తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చారు. గౌరి ఆడది, 4 ఏళ్లది, దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. నాలుగు రోజుల క్రితం మా ఆడపడుచు తణుకు నుంచి 60 రోజుల లాబ్రడార్ మగ కూనను తెచ్చి మా పిల్లలకు ఇచ్చారు. దానికి బంటి అని పేరు పెట్టుకున్నాము. 45వ రోజున మొదటి టీకా వేయించామని చెప్పి కార్డు కూడా ఇచ్చారు.

గౌరితో ఏ ఇబ్బందీ లేదు. మొదటి రోజే ముందుకాళ్లు నేలకు చాచి, నడుము పైకెత్తి, బంటిని ఆటకు పిలిచింది. నాకు దిగులంతా పండు గురించే. వీధి అరుగు మీద స్తంభం పక్కన దాని గోనెపట్టా ఉంటుంది. ఇన్నేళ్లుగా రాత్రిళ్లు అక్కడే పడుకుంటుంది. మొన్న సాయంత్రం బంటి తిన్నగా వెళ్లి ఆ పట్టా మీదికెక్కి దాని అంచు కొరకడం మొదలుపెట్టింది. పండు లేచి బిగుసుకుని నిలబడి, పెదవి పైకెత్తి గుర్రుమంది. బంటికి అర్థం కాలేదు, దాని మూతి నాకబోయింది. అప్పుడు పండు ఒక్కసారి గట్టిగా అరిచి గాలిలో కరిచినట్టు నోరు ఆడించింది, కూనను మాత్రం తాకలేదు. మామయ్యగారు కంగారుపడి చేతిలో ఉన్న కొబ్బరిమట్టతో పండు వీపు మీద రెండు దెబ్బలు వేశారు. అప్పటి నుంచి పండు అరుగు ఎక్కడం లేదు. తోటలో కొబ్బరి డొక్కల గుట్ట వెనకాల పడుకుంటోంది, అన్నం సగం వదిలేస్తోంది. కొట్టినందుకు మామయ్యగారు కూడా బాధపడుతున్నారు.

మూడింటికీ ఒకేచోట అన్నం పెడితే అవే కలిసిపోతాయని అత్తయ్యగారు అంటున్నారు. కొన్నాళ్లు పండును కట్టేయమని పక్కింటివారు చెబుతున్నారు. ఇంట్లో 9 ఏళ్ల, 5 ఏళ్ల పిల్లలున్నారు. పండు మనసు కష్టపెట్టకుండా ఈ కూనను ఎలా కలుపుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు (పాలకొల్లు నుంచి)

మీరు రాసింది చదివాక పండు మీద నాకు చాలా గౌరవం కలిగిందండి. అది మొదట కదలకుండా నిలబడింది, తరువాత గుర్రుమంది, కూన వినకపోతే గాలిలో కరిచి చూపించింది, అప్పటికీ పంటి గాటు పడనివ్వలేదు. మాట రాని జీవి ఇంతకంటే మర్యాదగా ఎలా చెబుతుంది? గుర్రుమనడం తప్పు కాదు, "ఇక దగ్గరికి రాకు" అని చెప్పడం. దానిని కొట్టి మాన్పిస్తే కుక్కకు కోపం పోదు, ముందుగా చెప్పే అలవాటు పోతుంది. ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. ఏడేళ్ల క్రితం మేము రెండో కుక్కను తెచ్చినప్పుడు పెద్దది గుర్రుమన్న ప్రతిసారీ నేనే గదమాయించాను. మూడు వారాలకు అది గుర్రుమనడం మానేసింది, మంచిదైపోయిందని సంబరపడ్డాను. ఒక మధ్యాహ్నం చేప ముక్క దగ్గర ఏ చప్పుడూ లేకుండా కూన చెవి చీల్చింది, మూడు కుట్లు పడ్డాయి. ఆ చెవి మీద మచ్చ కనబడినప్పుడల్లా తప్పు నాదేనని గుర్తొస్తుంది.

అందువల్ల ముందుగా పండు చోటు పండుకు తిరిగి ఇవ్వండి. ఆ గోనెపట్టాను ఉతకవద్దు, మార్చవద్దు. దాని వాసనే దానికి ధైర్యం. అరుగు మీదికి బంటి ఎక్కకుండా మెట్ల దగ్గర ఒక తడిక అడ్డం పెట్టండి, బంటి పడకను పెరటి వసారాలో వేయండి. సాయంత్రం మామయ్యగారే అరుగు మీద కూర్చుని, పండును బలవంతంగా పిలవకుండా, దానికి ఇష్టమైనది ఏదైనా ఒక ముక్క పక్కన పెట్టి ఊరుకోమనండి. కొట్టిన చేతి నుంచే ప్రేమ తిరిగి అందాలి. మొదటి రోజు రాకపోవచ్చు, రెండో రోజూ రాకపోవచ్చు, ఆయన మాత్రం రోజూ అదే వేళకు అక్కడ కూర్చోవాలి.

ఇక రెండింటినీ కలపడం ఇంట్లో కాదు, ఎవరిదీ కాని చోట మొదలుపెట్టాలి. బంటికి టీకాలు పూర్తికాలేదు కనుక వీధి కుక్కలు తిరిగే కాలువ గట్టుకు తీసుకువెళ్లవద్దు, మీ తోటలోనే పండు ఎక్కువగా తిరగని మూల చూసుకోండి. బంటి మెడపట్టీకి సన్నని తాడు కట్టి ఒకరు పట్టుకోవాలి. పండుకు తాడు అలవాటు లేకపోతే ఇప్పుడు కొత్తగా కట్టవద్దు, దాని పాటికి దానిని నడవనివ్వండి. మొదట పది గజాల దూరంలో ఒకే దిక్కుకు నడవండి, ఎదురెదురుగా తేవద్దు. పండు నేల వాసన చూస్తూ, తోక వదులుగా ఉంచుకుని నడుస్తుంటే రెండు గజాలు దగ్గరికి జరగండి. నోరు మూసి బిగుసుకున్నా, కంటి తెలుపు కనబడేలా ఓరగా చూసినా, నిద్ర లేకపోయినా ఆవలిస్తూ పెదవులు నాకుతున్నా, దానికి ఇబ్బందిగా ఉందని తెలుసుకుని వెనక్కి జరగండి. పది నిమిషాలు చాలు, బాగుండగానే ఆపేయాలి.

అత్తయ్యగారి మాట ఒక్కటి మాత్రం దయచేసి పక్కన పెట్టండి. మూడు కుక్కలకు ఒకేచోట తిండి పెట్టడమంటే తగవు వడ్డించినట్టే. పండుకు అరుగు మీద, గౌరికి వంటింటి గుమ్మం దగ్గర, బంటికి వసారాలో, ఒకదానికొకటి కనబడకుండా పెట్టండి, పావుగంట తరువాత మిగిలినది గిన్నెతో సహా తీసేయండి. వడ్డన పండుతోనే మొదలుకావాలి. మీరు బయటి నుంచి రాగానే ముందు పలకరించవలసింది కూడా పండునే. పిల్లలకు ఇది చెప్పడం కష్టమే, కూన ముద్దుగా ఉంటుంది కదా, అయినా చెప్పాలి.

ఇంకొక్క అనుమానం. 9 ఏళ్ల కుక్కకు కీళ్లనొప్పులు ఉండటం మామూలే. కూన మీదపడి దూకినప్పుడు తుంటి నొప్పి పుట్టి కూడా గుర్రుమనవచ్చు. పొద్దున్న లేచేటప్పుడు వెనకకాళ్లు ఈడుస్తోందేమో గమనించి డాక్టరుకు చూపించండి. చిన్న కూనను పెద్ద కుక్కలు నాలుగైదు నెలల వయసు వరకు కొంత మన్నిస్తాయి, ఆ తరువాత లెక్క అడుగుతాయి. బంటికి మర్యాద నేర్పడానికి మీ చేతిలో ఉన్న గడువు అదే.

రెండో జవాబు (భీమవరం నుంచి, పశువైద్య శాఖలో పనిచేసి విరమించినవారు)

అమ్మా, పై జవాబులో చెప్పిన పద్ధతి చాలా సరైనది. కూనకు 8 వారాలు నిండాక తేవడం కూడా మంచిదైంది. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని కూనలను అమ్మకూడదు. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఆ వయసు వరకు పెరిగిన కూనకు ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆగాలో కొంత తెలిసి ఉంటుంది.

ఆరోగ్యం సంగతి చెబుతాను. 45వ రోజు టీకాతో పని అయిపోలేదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను సరిగా పట్టనివ్వదు. అది ఎప్పుడు తరిగిపోతుందో ఒక్కో కూనకు ఒక్కో తీరు కనుక మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16 వారాల వయసు వచ్చేవరకు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నులిపురుగుల మందు మూడు నెలల వరకు రెండు వారాలకొకసారి, అక్కడి నుంచి ఆరు నెలల వరకు నెలకొకసారి బరువు చూసి ఇవ్వాలి. కూన డీలాపడి వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు మొదలైతే పార్వో అనే వైరస్ జబ్బని అనుమానించి ఆ పూటే తీసుకువెళ్లండి, తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది.

మన డెల్టాలో ఇంకొకటి ఉంది. వర్షాకాలంలో కాలువలు, చేలు, రొయ్యల చెరువుల గట్లు అన్నీ తడిగానే ఉంటాయి, పందికొక్కులకు, ఎలుకలకు కొదవలేదు. వాటి మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది కుక్కల కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మనుషులకూ సోకుతుంది. పండుకు ఏటా రేబిస్ టీకా ఒక్కటే వేయిస్తూ ఉంటారని ఊహిస్తున్నాను, పల్లెల్లో చాలామంది చేసేది అదే. మూడు కుక్కలకూ లెప్టో కలిసిన టీకా వేయించండి. మొదటిసారి మూడు నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు, తరువాత ఏటా ఒకటి.

దాళ్వాలో, సార్వాలో, అంటే రెండు వరి పంటల కాలాల్లోనూ ఎలుకల కోసం చేలల్లో పెట్టే ఎర విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. నూకలకు నూనె పట్టించి జింకు ఫాస్ఫైడ్ కలుపుతారు. పెద్ద కుక్క వాసన చూసి వదిలేయవచ్చు గాని లాబ్రడార్ కూన నేల మీద కనబడిన ప్రతిదీ నోట పెడుతుంది. ఆ మందుకు విరుగుడు లేదు. అలాగే గేదెలకు వాడే గోమార్ల మందు కూనకు పూయవద్దు. చవకగా పోతుందని అలా పూసి, వణుకుతూ నురగలు కక్కుతున్న కూనలను నా దగ్గరికి తెచ్చినవారు ఎందరో.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, డొక్కల గుట్ట వెనక ఒంటరిగా ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదని ఇద్దరికీ నేర్పండి. కూన ఆటలో గీరినా, పన్ను దిగినా చిన్నదే కదా అనుకోకుండా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.

మూడో జవాబు (గోదావరి వశిష్ఠ పాయలోని ఒక లంక నుంచి)

పండును కట్టేయమన్న పక్కింటివారి సలహా వినవద్దండి. కట్టేసిన కుక్క ఎదుట కొత్త కూన స్వేచ్ఛగా తిరుగుతుంటే పెద్దదానికి తప్పుకుపోయే దారి ఉండదు, మిగిలేది మీదపడటమే. తాడు ఉండవలసింది కూనకు.

నేను ముఖ్యంగా వరద గురించి రాస్తున్నాను. 2022 జూలై వరదలో మా లంక మునిగినప్పుడు నాలుగు కుక్కలతో రెండు రాత్రులు ఒక మేడ మీద గడిపాము. ఇంటి దగ్గర ఎన్నడూ తగవుపడని కుక్కలు అక్కడ ఒక్క అన్నం ముద్ద కోసం కలబడ్డాయి. చోటు ఇరుకైతే పాత స్నేహాలు నిలవవు. అప్పటి నుంచి ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇవ్వగానే కుక్కలకు వేరువేరు తాళ్లు, వేరువేరు గిన్నెలు, టీకా కార్డులు ఒక సంచిలో సర్దుకుంటున్నాము. కొత్తగా వచ్చిన కూనను ఇప్పటి నుంచే రోజుకు పది నిమిషాలు ఒక బుట్టలోనో పెట్టెలోనో ప్రశాంతంగా పడుకోవడం అలవాటు చేయండి. ప్రయాణంలో ఎంతో ఉపయోగపడుతుంది.

ప్రశ్న అడిగినవారు (16 రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలండి. మామయ్యగారికి మొదటి జవాబు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు గాని ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని వేయించిన చేప ముక్క ఒకటి ముల్లు తీసి పక్కన పెట్టుకున్నారు. పండు రాలేదు. రెండో రోజు డొక్కల గుట్ట దాటి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి వెళ్లిపోయింది. ఐదో రోజు మెట్టెక్కి ముక్క తీసుకుని, అక్కడే తిని, ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. మామయ్యగారు చీకటి పడేవరకు ఆ కాలు కదపలేదు.

మీ అనుమానం నిజమేనండి, పండు ఎడమ తుంటిలో నొప్పి ఉందని డాక్టరుగారు చెప్పి మందు రాశారు. మందు మొదలుపెట్టాక గుర్రుమనడం సగానికి సగం తగ్గింది. తోటలో నడక పది గజాల నుంచి ఇప్పుడు బారెడు దూరానికి వచ్చింది. నిన్న బంటి పరుగున వచ్చి దాని ముందు ఆగి, మీద పడకుండా పక్కకు తిరిగి కూర్చుంది. పండు దాని చెవి వాసన చూసి ముందుకు నడిచింది. తడిక మాత్రం ఇంకా తీయలేదు, బంటికి ఆరు నెలలు వచ్చేవరకు తీయకూడదని అనుకున్నాము. అత్తయ్యగారే ఇప్పుడు మూడు గిన్నెలు మూడు చోట్ల పెడుతున్నారు, ముందుగా పండుకు. బంటి రెండో టీకా నిన్న అయింది. వచ్చే సోమవారం పండును, గౌరిని లెప్టో టీకాకు తీసుకువెళుతున్నాము.