ఈక్వడార్ యాత్ర, వాలంటీర్ల చర్చ: ముందు ఎత్తులు తేల్చుకుందాం, ఊళ్లు తర్వాత

రూటు బాధ్యత

అందరికీ నమస్కారం. 32 మంది ఖాయమయ్యారు. అందులో 65 దాటిన పెద్దవాళ్లు ఐదుగురు, పదేళ్ల లోపు పిల్లలు నలుగురు. గైడు సంస్థ పంపిన మొదటి షెడ్యూలు చూశాను. దిగిన మర్నాడే కోటోపాక్సీ అగ్నిపర్వతం మీద 4,864 మీటర్ల దగ్గరున్న హోసె రీవాస్ రెఫ్యూజియోకి (కొండ ఎక్కేవాళ్లు ఆగే బస) నడిపిస్తామని రాశారు. ఇది మాత్రం ఒప్పుకోవద్దు. మనమంతా అమెరికాలో సముద్రమట్టం దరిదాపుల్లో బతికేవాళ్లం. అక్కడి గాలి ఒత్తిడి మనకు అలవాటైనదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఒక్కరికి వాంతులు పట్టుకున్నా బస్సు మొత్తం వెనక్కి తిరగాలి.

అందుకే ముందు ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో రాసుకుని, దాని చుట్టూ ఊళ్లు పేర్చాను. గురువారం దిగుతాం. విమానాశ్రయం ఉన్న తబబేలా 2,400 మీటర్లు, మొదటి రాత్రి నగరంలోకి ఎక్కకుండా ఆ పక్కనే పడక. శుక్రవారం క్విటో పాతనగరం, 2,850. శనివారం ఒటవాలో ఊరి సంత చూసుకుని మళ్లీ క్విటో. ఆదివారం కోటోపాక్సీ పార్కులో లింపియోపుంగో చెరువు చుట్టూ నడక, 3,830. రాత్రికి లాటకుంగా, 2,750. సోమవారం కిలోటోవా అగ్నిబిలం అంచు, సుమారు 3,900. సాయంత్రానికి బాన్యోస్‌కి దిగిపోతాం, అది 1,820. మంగళవారం అక్కడే. బుధవారం చింబొరాసో కొండ, 4,850 దగ్గరున్న కారెల్ రెఫ్యూజియో దాకా. రాత్రి రియోబాంబా, 2,750. గురువారం ఇంకాల కాలం నాటి ఇంగపిర్కా శిథిలాల మీదుగా క్వెంకా, 2,550. శుక్రవారం క్వెంకా. శనివారం అక్కణ్ణుంచి విమానంలో క్విటో, అదే రాత్రి ఇంటిదారి.

పగలు ఎంత ఎక్కినా రాత్రికి దిగుతున్నాం, అసలైన ఎత్తు ఏడో రోజుకు వస్తోంది. ఊళ్లు మార్చమంటే మారుస్తాను గానీ ఈ వరస మాత్రం చెడగొట్టొద్దు.

పిల్లల కార్యక్రమాలు

అన్నా, కోటోపాక్సీ రెఫ్యూజియో పూర్తిగా తీసేస్తే కుర్రాళ్లు ఊరుకోరు. దానికోసమే పేర్లిచ్చినవాళ్లు ఉన్నారు.

రూటు బాధ్యత

ఉన్నారు, తెలుసు అక్కా. కోటోపాక్సీ పార్కింగు దగ్గరే 4,600 మీటర్లు ఉంటుంది. అక్కణ్ణుంచి రెఫ్యూజియో కనబడుతూనే ఉంటుంది గానీ, దారంతా జారే బూడిద, రాళ్లపొడి. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. గంట పడుతుంది. నాలుగో రోజుకు ఎవరికీ తలనొప్పి లేకపోతే, కావాలన్నవాళ్లను ఇద్దరు గైడ్లతో పంపుదాం. మిగతావాళ్లు చెరువు దగ్గరే ఉంటారు. ఉదయం 8 కల్లా పార్కు గేటు దాటాలి. పది దాటితే శిఖరం మబ్బులో కలిసిపోతుంది, ఆదివారమైతే స్థానికుల రద్దీ కూడా.

చింబొరాసోలో కారెల్ దాకా వాహనం పోతుంది కాబట్టి పెద్దవాళ్లూ చూడొచ్చు. దాని శిఖరం 6,263 మీటర్లు. ఎవరెస్టు కంటే పొట్టిదే అయినా, భూమి నడుము దగ్గర ఉబ్బి ఉండటం వల్ల భూకేంద్రం నుంచి అత్యంత దూరంలో ఉన్న చోటు అదే. పిల్లల కార్యక్రమానికి ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. ఆ ఉబ్బు నిజమా కాదా అని కొలవడానికే 1736లో ఫ్రెంచివాళ్లు క్విటో వచ్చారు. క్వెంకాలో పాత కెథడ్రల్ గంటల గోపురాన్ని ఆ కొలతల్లో ఒక గుర్తుగా వాడుకున్నారు. బుధవారం కొండ చూపించి, శుక్రవారం ఆ గోపురం చూపిస్తే కథ పూర్తవుతుంది.

ఆరోగ్యం

రూటు బాగుంది. నా వైపు నుంచి ఇవి.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు తమ డాక్టరు రాతపూర్వకంగా సరే అన్నాకే డబ్బు కట్టాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే అసెటజోలమైడ్ వయోజనులకు మామూలుగా 125 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. దీనికి ప్రిస్క్రిప్షన్ కావాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం, సోడా రుచి చెడటం ఈ మందుతో మామూలే, భయపడి మానేయకండి. పిల్లల డోసు బరువును బట్టి ఉంటుంది, మన మాత్రల్లోంచి విరిచి ఇవ్వొద్దు.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్లు నాలుగు కొంటున్నాం. ఒక్క మాట గుర్తుంచుకోండి: కారెల్ దగ్గర అంకె 80ల్లోకి పడిపోవడం చాలామందికి జరిగేదే. అంకె చూసి కంగారుపడొద్దు, అంకె బాగుందని లక్షణాలను వదిలేయొద్దు. నెయిల్ పాలిష్ ఉన్నా, వేళ్లు చల్లబడినా తప్పుడు అంకె వస్తుంది. చెయ్యి చంకలో పెట్టి వెచ్చబరిచి మళ్లీ చూడండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, గీత మీద మడమకు కాలి వేళ్లు ఆనించి నడవమంటే తూలడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ క్షణమే వాహనంలో కిందికి దించాలి. కాసేపు చూద్దాం అనే మాటే వద్దు. అందుకని కోటోపాక్సీ, కిలోటోవా, చింబొరాసో మూడుచోట్లా బస్సు కాక ఒక చిన్న వాహనం ఖాళీగా మన దగ్గరే నిలబడి ఉండాలి. ఈ ఖర్చు తగ్గించొద్దు.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఎత్తు షరతు చదవండి. కొన్ని పాలసీలు ఫలానా మీటర్లు దాటితే చెల్లవు. మనకు 5,000 దాకా చెల్లేది, విమానంలో తరలింపు ఉన్నది కావాలి.

ప్రయాణ పత్రాలు

అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు ఇంకో ఆరు నెలలు చెల్లుబాటులో ఉండాలి. మనలో సగంమంది ఇండియా పాస్‌పోర్టు మీద ఉన్నారు. వాళ్లెవరూ ఈక్వడార్ కాన్సులేటు నుంచి మెయిల్లో జవాబు తెచ్చుకోకుండా టికెట్టు కొనొద్దు. విమానం మారే దేశం నిబంధన వేరే, అదీ విడిగా అడగాలి.

వెళ్లడం కంటే తిరిగి రావడం దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. హెచ్-1బి ఆమోదపత్రం చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోతే తిరిగి రానివ్వరు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చేవాళ్లకు ఉన్న సడలింపు ఈక్వడార్‌కు వర్తించదు. గ్రీన్‌కార్డు అప్లికేషన్ పెండింగులో ఉండి, హెచ్ గానీ ఎల్ గానీ వీసా హోదా లేనివాళ్లు అడ్వాన్స్ పెరోల్ (ముందస్తు ప్రయాణ అనుమతి) లేకుండా దేశం దాటితే ఆ అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క. అమ్మానాన్నలను విజిటర్ వీసా మీద తెచ్చుకున్నవాళ్లు వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా చూసుకోండి. ఎవరికైనా అనుమానం ఉంటే డిపాజిట్ కట్టకముందే లాయర్ని అడగండి.

వంట బృందం

బయట దొరికేదాని సంగతి ముందు. శాకాహారులు 14 మంది. అక్కడ మాంసం వద్దంటే ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు, కోడిని మాంసంలో లెక్కేయనివాళ్లూ ఉంటారు. కాబట్టి ఈ వాక్యం కార్డు మీద అచ్చు వేయించి ప్రతి ఒక్కరికీ ఇద్దాం: సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాడో, సిన్ కాల్డో దె కార్నె, సిన్ మాంతెకా దె చాంచో. చివరిది పంది కొవ్వు. యాపింగాచో అనే బంగాళదుంప, జున్ను బిళ్లలను, వేయించిన మొక్కజొన్న గింజలను చాలాచోట్ల అందులోనే వేయిస్తారు. లోక్రో అనే బంగాళదుంప సూపు, ఉడికించిన మోతె మొక్కజొన్న, పచ్చి జున్నుతో చోక్లో కంకి, అవకాడో హాయిగా తినొచ్చు. చెట్టు టమాటాతో నూరిన ఆహీ పచ్చడి మనవాళ్లకు బాగా నచ్చుతుంది. లోక్రోలో వేసింది నీళ్లా ఎముకల పులుసా అని మాత్రం అడగాలి.

ఇక కోటోపాక్సీ రోజు మధ్యాహ్నానికి పులిహోర. పార్కులో పొయ్యి వెలిగించే ప్రశ్నే లేదు, కాబట్టి శనివారం రాత్రి క్విటో హోటల్ వంటగదిలో పులుసు కాచుకుని, ఆదివారం తెల్లవారుజామున 4కు అన్నం మొదలుపెట్టాలి. 32 మందికి బియ్యం మూడున్నర కిలోలు, చింతపండు 350 గ్రాములు, నూనె 600 మి.లీ., పల్లీలు అరకిలో. అక్కడ నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి. తపేలాలో వండితే ఉడకడానికి చాలాసేపు పడుతుంది, తొందరపడితే పైన మెత్తబడి లోపల పలుకు మిగులుతుంది. కుక్కరే వాడాలి. ఐదు లీటర్ల కుక్కర్లు రెండు, ఒక్కో వాయికి కిలోలోపు బియ్యం, నాలుగు వాయిలు. ఇంట్లో ఒకటికి రెండు నీళ్లు పోస్తే అక్కడ రెండుంపావు. అన్నం పళ్లెంలో పరిచి చల్లారాకే పులుసు కలపండి. వేడి మీద డబ్బాకెక్కిస్తే ఆ చలికి మూతకు నీరు పట్టి ముద్దవుతుంది.

కుక్కరున్నా పప్పుకు ఓపిక పట్టాలి. కుక్కరు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి మీద కూడిక కాబట్టి, ఇక్కడ 120 డిగ్రీలు అందేది అక్కడ 115 దగ్గరే ఆగుతుంది. కందిపప్పు గంట నానబెట్టి, మూడు కూతలకు బదులు ఐదు. గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వు ఒక్కోటి అదనంగా సామానులో వేయండి.

తాజా కరివేపాకు, పచ్చిమిర్చి, పాలపదార్థాలు తేవద్దు. దుకాణం సీలున్న పొడులు, పచ్చళ్లే తెచ్చి కస్టమ్స్ కాగితంలో రాయండి. ఎత్తుకు వెళ్లాక సీసా మూత తీస్తే నూనె ఎగదన్నుతుంది, ఒక్కో సీసాను రెండు జిప్ కవర్లలో పెట్టండి. కరెంటు ఇక్కడిలాగే 120 వోల్టులు, ప్లగ్గులూ అవే, కాబట్టి ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు కూడా పనిచేస్తుంది. కానీ 2024 చివర్లో కరువుకు జలవిద్యుత్తు పడిపోయి అక్కడ గంటల తరబడి కోతలు పెట్టారు. జనరేటరు ఉన్న హోటలా అని ప్రతిచోటా అడగండి.

బస్సు, డబ్బు

బస్సు 40 సీట్లది, టర్బో డీజిల్ అని ఒప్పందంలో రాయించాలి. పలుచని గాలిలో టర్బో లేని ఇంజను చేవ చచ్చిపోతుంది. కారెల్ దాకా, కోటోపాక్సీ పార్కింగు దాకా ఈ బస్సే పోతుందా, గేటు దగ్గర చిన్న వాహనాల్లోకి మారాలా అన్నదీ రాతలో కావాలి. రియోబాంబా నుంచి క్వెంకా రోడ్డుకు ఇద్దరు డ్రైవర్లు, ఉదయం ఆరుకల్లా బయల్దేరడం. ఆ దారిలోని అలావుసీ దగ్గర 2023 మార్చిలో కొండ విరిగి ఊరి భాగాన్నే పూడ్చేసింది. వానపడ్డ రాత్రి మర్నాడు దారి కనుక్కోకుండా కదలొద్దు.

అక్కడి కరెన్సీ 2000 నుంచి అమెరికన్ డాలరే. కానీ 50, 100 నోట్లు చాలాచోట్ల తీసుకోరు. తలకు ఒక డాలరు నోట్లు 60, ఐదు డాలర్ల నోట్లు 20. కిలోటోవా నీటి దగ్గరికి దిగడం అరగంట, ఎక్కడం గంటన్నర దాకా పడుతుంది, ఎక్కలేనివాళ్లకు కంచరగాడిదలు దొరుకుతాయి. అవి కింద అయిపోకముందే పెద్దవాళ్లను ఎక్కించి పంపేయాలి. బాన్యోస్ వేడినీటి కొలనుల్లో స్విమ్మింగ్ టోపీ లేకుండా దిగనివ్వరు, ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

పాతనగరాలు

క్విటో 1978లో యునెస్కో మొట్టమొదటి జాబితాలోనే చేరింది, క్వెంకా 1999లో. పాత క్విటో సందుల్లోకి పెద్ద బస్సు రాదు. మెట్రోలో సాన్ ఫ్రాన్సిస్కో స్టేషన్లో దిగుదాం, టికెట్టు 45 సెంట్లు. లా కొంపన్యియా చర్చికి తలుపులు తీసే వేళకే చేరాలి. 1605లో మొదలైన కట్టడం పూర్తవడానికి 160 ఏళ్లు పట్టింది. ముందు గోడంతా అగ్నిపర్వతపు రాయి, లోపలంతా బంగారు రేకు. పిల్లలను ముందు బయటి మెలికల స్తంభాల దగ్గర నిలబెట్టి ఆ బూడిదరంగు రాతిని చూపించండి, ఆ తర్వాత కోటోపాక్సీ పాఠం సులువవుతుంది. లోపల ఫోటోలు కుదరవు. బసీలికా చర్చిలో చూరు నీళ్లు జారే బొమ్మలు ఇగ్వానాలు, తాబేళ్లు, ఆర్మడిల్లోలు. గోపురం మీదికి చెక్కపలకల వంతెన, నిటారు నిచ్చెన ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండాలి. పనెసీయో గుట్ట మీదికి వాహనంలోనే, నడిచి వద్దు.

లాటకుంగాను 1877 కోటోపాక్సీ బురద ప్రవాహం ముంచేసింది. ఆ రాత్రి మనం పడుకునే ఊరు అదే కాబట్టి, హోటల్ చేరగానే ఎటు పరిగెత్తాలో గైడు అందరికీ చూపించాలి. క్వెంకాలో టోపీల దుకాణం తప్పదు. పనామా టోపీ అనేది నిజానికి ఈక్వడార్‌దే, ఆ తోకీయా గడ్డి నేతకు 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎండిన టోపీని మడిస్తే విరుగుతుంది, డబ్బాతో సహా కొనమనండి.

రూటు బాధ్యత

ఆఖరుగా, దారి మూసుకుపోతే ఏం చేయాలన్న ప్లాను. పాలిటెక్నిక్ జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూటు రోజూ ఇచ్చే అగ్నిపర్వతాల నివేదికను గైడు ముందురోజు సాయంత్రం చదివి గ్రూపులో పెట్టాలి. కోటోపాక్సీ 2015లో, మళ్లీ 2022-23లో బూడిద కక్కింది. సంగాయ్ అగ్నిపర్వతం బూడిద రియోబాంబా వైపు పడుతుంటుంది, తలకు రెండు ఎన్95 మాస్కులు. కోటోపాక్సీ మూస్తే ఆ రోజు బస క్విటోలోనే, పగలు ఊరి బయటున్న పాపల్యక్తా వేడినీటి కొలనులకు. 2019 అక్టోబరులో, 2022 జూన్‌లో సమ్మెలతో రోడ్లన్నీ ఆగిపోయాయి. అలా జరిగితే ఉన్న ఊళ్లోనే ఉండిపోతాం, అందుకని హోటళ్లన్నిటికీ ఒక రాత్రి పొడిగించే హక్కు అడుగుతున్నాను. తీరంలోని గ్వాయాకిల్ నగరం మీదుగా వస్తే టికెట్టు తక్కువని ఇద్దరు అడిగారు. అక్కడి భద్రత చూస్తే పిల్లలతో, పెద్దవాళ్లతో వద్దు.

మిగిలినవి మూడు: క్విటో హోటల్ వంటగది అనుమతి మెయిలు, చిన్న వాహనం కొటేషను, ఇండియా పాస్‌పోర్టులవాళ్ల జాబితా. ఆదివారం కాల్‌కు ముందే ఇక్కడ పెట్టండి.