అల్జీమర్స్ ఉన్న అమ్మను ఇంట్లో చూసుకోవడానికి ఎలాంటి మనిషిని పెట్టుకోవాలి? (కడప)

ప్రశ్న – పాలకొండల నీడ, కడప

అందరికీ నమస్కారం. మా అమ్మకు 74 ఏళ్లు. వేంపల్లె దగ్గరి పల్లెలో పుట్టి, ఆ పక్క ఊరికే కోడలిగా వెళ్లి, నాయన పోయిన తర్వాత కడపలో మా దగ్గరే ఉంటోంది. నిరుడు తిరుపతిలో నరాల డాక్టరు గారు స్కానింగు, రక్తపరీక్షలు చేయించి ఇది అల్జీమర్స్ జబ్బేనని నిర్ధారించి, డోనెపెజిల్ మాత్ర రాసిచ్చారు. అన్నం కలిపిపెడితే తనే తింటుంది, బాత్‌రూముకు దారి చూపిస్తే వెళ్తుంది, కానీ పొయ్యి దగ్గర ఒంటరిగా వదిలే పరిస్థితి ఇప్పుడు లేదు.

నేను ఆఫీసుకు, నా భార్య స్కూలుకు వెళ్లాక ఉదయం నుండి సాయంత్రం దాకా ఇంట్లో అమ్మ ఒక్కతే మిగులుతుంది కాబట్టి మనిషిని పెట్టుకోక తప్పడం లేదు. ఒక ఏజెన్సీ వారు నర్సింగ్ శిక్షణ ఉన్న అమ్మాయిలను వంతులవారీగా పంపుతామంటున్నారు. మరోవైపు మా ఊరి నుండి దూరపు బంధువైన ఒక పెద్దావిడ వచ్చి ఉంటానంటోంది. ఆమెకు ఈ జబ్బు గురించి ఏమీ తెలియదు, కానీ ఓపిక ఉంది. వీరిలో ఎవరు మేలో తేల్చుకోలేకపోతున్నాం.

ఇబ్బందులు ఇవి. పొద్దు వాలగానే "మా ఇంటికి పోవాల, చీకటి పడతాంది" అని చీర కొంగు బిగించుకుని గేటు దగ్గర నిలబడుతుంది. తన గాజులు పనిమనిషి ఎత్తుకుపోయిందని ఆమె ముఖం మీదే అనడంతో ఒకామె ఇప్పటికే మానేసింది. స్నానానికి పిలిస్తే గొడవ చేస్తుంది. నాయన చేనుకాడ నుండి ఇంకా ఎందుకు రాలేదని అడుగుతుంది, దానికి ఏమని చెప్పాలో ఇంట్లో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. బంధువులేమో "వయసైతే అందరికీ ఇంతే, ఊరికి తీసుకుపోయి వదలండి, అదే సర్దుకుంటుంది" అంటున్నారు. ఇలాంటి పరిస్థితిని దాటినవారు చెప్పగలరు.

జవాబు – రిటైర్డ్ స్టాఫ్ నర్సు, అనంతపురం

బాబూ, మీరు రాసినదాన్నిబట్టి అమ్మగారికి ఇంజెక్షన్లు, ట్యూబులు, పుండ్లకు కట్లు వంటి నర్సింగ్ అవసరాలు ఇప్పుడు లేవు. ఆమెకు కావలసింది రోజూ కనిపించే ఒకే ముఖం. కొత్త విషయాన్ని మనసులో నిలుపుకునే శక్తే ముందుగా దెబ్బతినే జబ్బులో వారానికొక కొత్త అమ్మాయి వస్తే, ప్రతి వారమూ ఆమె దృష్టిలో ఇంట్లోకి పరాయి మనిషి చొరబడినట్టే అవుతుంది. కాబట్టి ఆ పెద్దావిడకే నా ఓటు, అయితే చుట్టరికం కదా అని జీతం, సెలవులు, ఆమె ఊరికి వెళ్లినప్పుడు ఎవరు ఉండాలి అన్నవి మాట్లాడుకోకుండా మొదలుపెట్టకండి, ఎందుకంటే చుట్టరికంలో చెప్పుకోని మాటలే తర్వాత పెద్దవవుతాయి. ఒకవేళ ఏజెన్సీ మనిషినే తీసుకుంటే వచ్చేది ఒకరేనా, పోలీసు వెరిఫికేషన్ అయిందా, ఆమె సెలవు పెడితే ముందుగా చెబుతారా అని రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరొచ్చినా మొదటి కొన్ని రోజులు మీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టి పక్కనే ఉండాలి; అమ్మగారు మీ ముఖం చూసి ఆ మనిషిని నమ్ముతారు.

వచ్చిన మనిషికి ఒక కాగితం రాసి ఇవ్వండి. కాఫీ ఎప్పుడు తాగుతారు, ఎడమ చెవి సరిగా వినపడదా, ఏ దేవుడికి దండం పెట్టుకుంటారు, తోబుట్టువుల పేర్లేమిటి, ఏ మాటకు కోపం వస్తుంది, ఏ మాటకు నవ్వుతారు అన్నవన్నీ అందులో ఉండాలి. ఆసుపత్రిలో మేము రాసుకునే కేసు షీటు కంటే ఇంట్లో ఈ కాగితమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

దొంగతనం మాట ఈ జబ్బులో చాలా ఇళ్లలో వినిపించేదే. వస్తువును తనే ఎక్కడో దాచిపెట్టి, దాచిన సంగతి గుర్తులేక, అది ఎవరో తీశారని మనసు సమాధానం చెప్పుకుంటుంది. "నేను తీయలేదు" అని వాదిస్తే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. "అయ్యో, పోయిందా, రా అవ్వా వెతుకుదాం" అని కలిసి వెతికితే చాలావరకు చల్లబడుతుంది. బియ్యం డబ్బా, దిండు గలీబు, చీరల మడతలు ముందుగా చూడండి. అసలు బంగారాన్ని మాత్రం మనిషిని పెట్టుకోకముందే లాకరులో పెట్టి, గిల్టు గాజులు, కొన్ని చిల్లర నోట్లున్న ఒక సంచి ఆమె దగ్గర ఉంచండి. ఇది పనికి వచ్చే మనిషి పరువుకు కూడా రక్షణ.

స్నానం దగ్గర భయం ఉంటుంది. తల మీద నీళ్లు పడగానే ఊపిరాడనట్టు అనిపించడం, తడి బండల మీద కాలు జారుతుందేమోనన్న బెదురు, పరాయివారి ముందు బట్టలు విప్పాలంటే సిగ్గు, ఇవన్నీ కలిసి గొడవగా బయటపడతాయి. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒంటి మీద తువ్వాలు కప్పే ఉంచి, చెంబుతో ముందు పాదాలకు గోరువెచ్చని నీళ్లు పోసి, మెల్లగా పైకి రావాలి. చేతికి సబ్బు ఇస్తే తనే రుద్దుకోవచ్చు. పల్లెలో ఆమెకు ఏ వేళ స్నానం అలవాటో ఆ వేళకే పెట్టుకోండి. ఒకరోజు ససేమిరా అంటే తడిగుడ్డతో తుడిచి వదిలేయండి, స్నానం తప్పినందువల్ల వచ్చే నష్టం కంటే పెనుగులాటలో పడితే వచ్చే నష్టం ఎక్కువ.

సాయంత్రపు అలజడికి రెండు మూడు పనులు చేయవచ్చు. చీకటి పడకముందే అన్ని లైట్లు వేసి, గోడల మీద నీడలు లేకుండా చూడండి. మధ్యాహ్నపు నిద్రను తగ్గించండి. ఆ వేళకు చేతికి పని ఇవ్వండి. చెనిక్కాయలు ఒలవడం, చింతపండులో గింజలు తీయడం, పూలు కట్టడం వంటివి మాట మరిచిపోయిన తర్వాత కూడా చేతులకు చాలాకాలం గుర్తుంటాయి. ఒలిచినవి సరిగా ఉన్నాయా లేదా అని ఎవరూ లెక్క చూడకూడదు.

గేటు గడియను కంటికి ఆనని చోటికి మార్చండి, కానీ ఎవరూ లేనప్పుడు ఆమెను లోపల పెట్టి బయట తాళం మాత్రం వేయకండి, నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉండదు. గ్యాస్‌ను వంట అయిన ప్రతిసారీ రెగ్యులేటర్ దగ్గరే ఆపండి. మీ ఫోన్ నంబరున్న చిన్న కార్డును దండలాగా మెడలో వేయండి, ఇటీవలి ఫోటో మీ ఫోనులో ఉంచుకోండి, వీధి చివరి అంగడివారికీ ఆటో స్టాండు వారికీ విషయం చెప్పి ఉంచండి. ఒకవేళ కనబడకపోతే వస్తుందిలే అని ఎదురుచూడకుండా వెంటనే 112కు ఫోన్ చేసి, దగ్గరలో కాలువ గట్లు, బావులు, కుంటలు ఉంటే ముందు అక్కడికే మనిషిని పంపండి.

జవాబు – తుంగభద్ర గట్టు, కర్నూలు

నా భార్యకు ఇదే జబ్బు, చాలాకాలంగా ఇంట్లోనే చూసుకుంటున్నాను. నర్సమ్మ గారు చెప్పినవాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను, కానీ డబ్బు పరిమితంగా ఉంటే పగటి మనిషి కంటే రాత్రి మనిషి విషయం ముందు ఆలోచించమంటాను. పగలు ఎవరో ఒకరు, పక్కింటివారైనా, వంతులు వేసుకుని గడిపేయవచ్చు. రాత్రి మూడుసార్లు లేచి తలుపులు తట్టే మనిషిని చూసుకుంటూ ఉదయం ఆఫీసుకు వెళ్లే కొడుకూ కోడలూ ఎంతో కాలం నిలబడలేరు. వాళ్లు పడిపోతే అమ్మగారికి ఇల్లే ఉండదు. వారంలో ఒక పూట మీ అక్కచెల్లెళ్లలో ఎవరైనా వచ్చి పూర్తిగా బాధ్యత తీసుకునేలా మాట్లాడుకోండి. చూసి పోవడానికి వచ్చే చుట్టాలకు మీరే వండిపెట్టాలి, దానివల్ల మీకు విశ్రాంతి ఉండదు.

నాయనగారి గురించి అడిగినప్పుడు ఆయన చనిపోయారని చెబితే ఆ కబురు ఆమెకు ప్రతిసారీ కొత్తదే, ప్రతిసారీ మొదటిరోజు ఏడుపే. అలాగని ఇప్పుడే వస్తాడని చెబితే గేటు దగ్గరే కూర్చుంటారు. "నాయనకు ఏ చేనంటే ఎక్కువ ఇష్టం? ఆ ఏడు చెనిక్కాయ బాగా పండిందా?" అని మాట ఆయన మీదికే తిప్పితే అబద్ధమూ చెప్పినట్టు కాదు, ఆమె కోరుకున్నదీ దొరుకుతుంది. మా ఇంట్లో ఇదే పనిచేస్తోంది.

ఊరికి తీసుకుపోతే సర్దుకుంటుందన్న మాట నమ్మకండి. ఆమె అడుగుతున్న ఇల్లు బహుశా తన చిన్ననాటి ఇల్లు, తల్లిదండ్రులు ఉన్న ఇల్లు. అత్తవారి ఊరిలో దింపినా అక్కడి నుండి కూడా ఇంటికి పోదామనే అంటారు, పైగా బాత్‌రూము ఎటుందో కొత్తగా వెతుక్కోవాలి.

జవాబు – మందుల మనిషి, ప్రొద్దుటూరు

"వయసైతే అందరికీ ఇంతే" అన్న బంధువులకు ఒక లెక్క చెప్పండి. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి వాడే పేరు) ఉన్నవారు సుమారు 7.4 శాతం, అంటే 88 లక్షల మంది. చాలా పెద్ద సంఖ్యే, కానీ నూటికి మిగిలిన 92 మందికి పైగా వృద్ధులకు ఇది లేదు కాబట్టి వయసుతో అందరికీ వచ్చేదని అనడం తప్పు.

ఇక మనిషిని పెట్టుకున్నాక ఆమెకు తప్పక నేర్పవలసిన విషయం ఒకటుంది. అల్జీమర్స్ నెలలు, ఏళ్ల మీద మెల్లగా ముదిరే జబ్బు. నిన్నటిదాకా ఉన్నట్టు ఉండి ఒకటి రెండు రోజుల్లో మాట పొంతన తప్పినా, పగలంతా మగతగా పడుకున్నా, లేనివారు కనిపిస్తున్నారన్నా అది జబ్బు ముదరడం అనుకోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, పడినప్పుడు తలకు తగిలిన దెబ్బ, వీటిలో ఏదైనా కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. వేసవిలో మన కడప ఎండకు నీరు తగ్గడం ఎంతసేపు? ఈ జబ్బున్నవారు దాహం అని అడగరు, గంట గంటకూ మజ్జిగో నీళ్లో చేతికి అందించాలి.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా డోనెపెజిల్ ఆపుతుంది. జబ్బును నయం చేయదు, కొంతకాలం కొంత తెరిపి ఇస్తుంది. జలుబుకని అంగట్లో అడిగి తెచ్చే మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేనివారికి రాసే ఆక్సీబ్యుటినిన్ వంటివి అదే రసాయనానికి అడ్డుపడతాయి కాబట్టి ఒక మాత్ర చేసినదాన్ని రెండోది చెడగొట్టినట్టు అవుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అన్ని మందుల చీటీలు చూపించండి. నాడి బాగా నెమ్మదించడం, కళ్లు తిరిగి పడిపోవడం, తగ్గని వాంతులు ఉంటే డాక్టరుకు చెప్పండి. పీడకలలు వస్తుంటే రాత్రి మాత్రను ఉదయానికి మార్చవచ్చేమో అడగండి. అలజడి తగ్గడానికి మత్తు మందు రాయమని మీరుగా ఒత్తిడి చేయకండి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు మానసిక రోగాల మందులు వాడితే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరై రాసినా తక్కువ మోతాదులో, కొద్దికాలానికి, మళ్లీ చూపించుకుంటూ వాడాలి.

జవాబు – పాత బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. అమ్మగారు అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగిన ఈ కాలంలోనే ఖాతాల నామినేషన్లు సరిచూసి, ఆమెకు ఇష్టమైతే జాయింటు ఖాతాగా మార్పించండి. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని నిశ్చింతగా ఉంటారు, కానీ మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చినవారికి మతిస్థిమితం పోతే ఆ అధికారం కూడా పోతుంది. ఆ తర్వాత ఆస్తి వ్యవహారాలకు సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టు దాకా వెళ్లవలసి రావచ్చు. వీలునామా రాయదలచుకుంటే ఆమె స్పృహతో రాస్తున్నారన్న డాక్టరు సర్టిఫికెట్‌తో, ఇద్దరు సాక్షులతో రాయించండి. తర్వాత తోబుట్టువుల మధ్య వచ్చే తగాదాలో ఆ సర్టిఫికెట్టే మాట్లాడుతుంది.

ఫ్యామిలీ పెన్షను వస్తుంటే, వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖం చూపి ఫోనులోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది. 70 దాటినవారికి 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి, అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటికే తప్ప ఇంటి మనిషి జీతానికి రాదు. మీకే మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416, వృద్ధుల సహాయం కోసం 14567 నంబర్లు ఉన్నాయి, తెలుగులోనే మాట్లాడతారు.

పాలకొండల నీడ (అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఊరి నుండి ఆ పెద్దావిడను పిలిపించాలని నిర్ణయించాం, జీతం సంగతి మాట్లాడాను. రాత్రి సంగతి నేనూ మా అక్కా వంతులు అనుకుంటున్నాం. నర్సమ్మ గారూ, ఇంకొక్క సందేహం. తిన్న పది నిమిషాలకే తినలేదంటుంది, ఒక్కోసారి నీళ్లు తాగుతూ పొలమారుతోంది. పెద్దావిడకు ఏం చెప్పమంటారు?

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, అనంతపురం

తిన్నావు కదా అని ఎవరూ అనవద్దు. ఒక పూట భోజనాన్ని రెండు మూడు భాగాలు చేసి ఉంచుకుని, అడిగినప్పుడల్లా కొంచెం పెట్టండి. జొన్న రొట్టె, చెనిక్కాయ గింజలు మానిపించి, సంగటిని పప్పుతో జారుగా కలిపి చిన్న ముద్దలుగా పెట్టాలి. నిటారుగా కూర్చోబెట్టి, నోట్లోది మింగిన తర్వాతే తర్వాతి ముద్ద, తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వకూడదు. పొలమారడం నీళ్లతో మొదలై తరచుగా అవుతుంటే, లేదా తిన్న తర్వాత గొంతు గరగరమంటూ జ్వరం వస్తుంటే తిరుపతి డాక్టరు గారికి చెప్పి మింగే శక్తిని పరీక్షించమని అడగండి, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పొలమారుతున్నప్పుడు మాత్రం నీళ్లు తాగించకుండా, ముందుకు వంచి దగ్గనివ్వమని ఆ పెద్దావిడకు ఒకసారి చేసి చూపించండి.