శేషంతోనే మళ్లీ ఎందుకు భాగించాలి?

ప్రశ్న (గాజువాక నుంచి):
ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి 612, 342ల గ.సా.భా.ను (గరిష్ఠ సామాన్య భాజకాన్ని, అంటే రెండింటినీ నిశ్శేషంగా భాగించే అతిపెద్ద సంఖ్యను) భాగహార పద్ధతిలో చేయించాను. శేషంతో భాజకాన్ని మళ్లీ ఎందుకు భాగించాలని అడిగితే జవాబు చెప్పలేకపోయానండి. దయచేసి వివరించగలరు.

జవాబు (మధురవాడ నుంచి):
రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించేది వాటి భేదాన్నీ భాగిస్తుంది కాబట్టి, 612లోంచి 342 పోగా మిగిలే 270ని కూడా అది భాగించి తీరాలి. అందువల్ల ఇకపై 342, 270లతో పని సాగించవచ్చు. తరువాతి శేషాలు వరుసగా 72, 54, 18, 0 గనుక గ.సా.భా. 18 అవుతుందండి.

జవాబు (సీతమ్మధార నుంచి):
పై వివరణ సరైనదే గాని, అందులో సగమే ఉంది. 342, 270లను భాగించే సంఖ్య వాటి మొత్తమైన 612నూ భాగిస్తుందని కూడా చెప్పినప్పుడే, రెండు జతల సామాన్య భాజకాలు ఒకటేనని పాపకు నమ్మకం కుదురుతుంది. 612 సెంటీమీటర్ల పొడవు, 342 సెంటీమీటర్ల వెడల్పు గల గదిలో ఎక్కడా కోయకుండా పరచగలిగే అతిపెద్ద చదరపు టైల్ ఎంతో అడిగి చూడండి. 18 సెంటీమీటర్ల టైల్స్ పొడవునా 34, వెడల్పునా 19 సరిగ్గా పడతాయి.