ట్రోలింగ్ మోటారుకు ఏ బ్యాటరీ? సీసమా, లిథియమా?

గాలం కర్ర:
నాది నాలుగు మీటర్ల అల్యూమినియం పడవ. ముందు భాగాన 12 వోల్టుల ట్రోలింగ్ మోటారు (పడవను మెల్లగా నడిపే చిన్న కరెంటు మోటారు) ఉంది, థ్రస్ట్, అంటే తోసే బలం, 55 పౌండ్లు. బ్యాటరీ వెనక, నేను కూర్చునే పలక కింద ఉంటుంది. తెల్లవారుజామున నీళ్లలోకి దిగితే మూడో గంటకు మోటారు నీరసిస్తుంది, నాలుగో గంటకు తెడ్డే గతి. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు, 100 ఏహెచ్ (ఆంపియర్-గంటలు, అంటే సామర్థ్యం) అని చెప్పి ఇచ్చారు. మా బావగారు లిథియం కొనమని కలిసినప్పుడల్లా పోరుతున్నారు. బ్యాటరీ అమ్మిన మనిషేమో నీళ్ల మీద లిథియం అంటే ప్రాణాలతో చెలగాటమే అన్నాడు. ఎవరి మాట వినాలి?

నిండు చెరువు:
మీ బావగారి మాట వినండి. నేను మూడేళ్లుగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వాడుతున్నాను. 100 ఏహెచ్ బ్యాటరీ బరువు 12 కిలోలకు అటూ ఇటూ. అదే సామర్థ్యం ఉన్న సీసం బ్యాటరీ ఎత్తి చూడండి, 28 కిలోలకు తగ్గదు. పైగా సీసాన్ని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. లిథియంలో 80 శాతం దాకా వాడుకున్నా రెండు వేల సార్లకు పైగా ఛార్జింగు పెట్టుకోవచ్చు. సీసానికి ఆ లెక్క వందల్లోనే ఉంటుంది.

నీళ్ల భయం సంగతి కూడా చెబుతాను. నీటిలో పడితే ప్రమాదమయ్యేది లోహ రూపంలో ఉన్న లిథియం. ఈ బ్యాటరీ సెల్లులో అలాంటి లోహపు ముక్క ఉండదు. ఫోన్లలో వాడే కోబాల్ట్ రకంతో పోలిస్తే ఇది వేడికి చాలా నిలకడగా ఉంటుంది. నీరు చేరితే పాడయ్యేది లోపలి సర్క్యూటు, కాబట్టి మూసిన పెట్టెలో పెట్టుకుంటే చాలు.

పాత తెడ్డు:
మూడేళ్ల అనుభవానికే ఇంత ధీమానా అండీ! నేను ఇరవై ఏళ్లుగా సీసంతోనే తిరుగుతున్నాను. నిరుడు ఒక మిత్రుడి లిథియం పడవలో వెళ్లాను. ఎదురుగాలి, ఒడ్డు కనుచూపు మేరలో కూడా లేదు. వోల్టు మీటరు 13 చూపిస్తోంది. "ఇంకా బోలెడు ఉంది" అన్నాడాయన. ఆ మాట నోట్లో ఉండగానే మోటారు ఆగిపోయింది. మూలగలేదు, నెమ్మదించలేదు, దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. లోపలున్న బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూటు, కరెంటు కోసేసిందట. ఇంటికి తెచ్చి ఛార్జరు తగిలిస్తే గాని అది మళ్లీ కళ్లు తెరవలేదు. సీసం అలా నట్టేట ముంచదు, గంట ముందు నుంచే మొరపెట్టుకుంటుంది.

నిండు చెరువు:
తప్పు బ్యాటరీది కాదు, మీటరును నమ్మిన మీ మిత్రుడిది. లిథియం 70 శాతం ఉన్నా 30 శాతం ఉన్నా వోల్టేజీ దాదాపు ఒకలాగే ఉంటుంది, తేడా ఒక వోల్టులో ఒకటి రెండు పదో వంతులే. వోల్టు మీటరుతో దాన్ని కొలవడమంటే మూత తీయకుండా కుండలో నీళ్లు చూడటమే. షంట్ మీటరు పెట్టుకోవాలి. బయటికి వెళ్లిన ఆంపియర్లు, లోపలికి వచ్చిన ఆంపియర్లు అది లెక్క కడుతుంది.

తీగల పని:
ఇద్దరూ కాస్త ఆగండి. గాలం కర్ర గారూ, మీ బ్యాటరీ లేబుల్ మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయండి.

గాలం కర్ర:
పెద్ద అక్షరాలతో 12 వీ, సీసీఏ 750. కింద చిన్న అక్షరాలతో 100 ఏహెచ్, 20 గంటలు. ఇంకేమీ లేదు.

తీగల పని:
అదీ సంగతి. మీది ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ. సీసీఏ అంటే చలిలో ఇంజనును తిప్పడానికి కొన్ని క్షణాల పాటు ఇవ్వగల ఆంపియర్లు. అందుకోసం లోపల పలుచని ప్లేట్లు ఎక్కువగా పేరుస్తారు. రెండు మూడు క్షణాలు వందల ఆంపియర్లు గుమ్మరించి, ఆ తర్వాత ఇంజను నుంచి ఛార్జింగు తాగుతూ కూర్చోవడం దాని పని. దాన్ని వెళ్లిన ప్రతిసారీ అడుగంటా ఖాళీ చేస్తుంటే ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగుకు చేరుతుంది. అడుగంటా వాడుకోవడానికే చేసిన డీప్ సైకిల్ రకంలో ప్లేట్లు మందంగా ఉంటాయి, ఆ దెబ్బకు తట్టుకుంటాయి. మీకు దొరికింది పరుగుపందెం గుర్రం, మీరు దానితో పొలం దున్నిస్తున్నారు.

ఇక ఆ "20 గంటలు" అన్న చిన్న అక్షరాలు. 5 ఆంపియర్ల చొప్పున మెల్లగా తీసుకుంటే 20 గంటల్లో 100 ఏహెచ్ వస్తాయని దాని అర్థం. మీ 55 పౌండ్ల మోటారు నిండు వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎంత గట్టిగా లాగితే సీసం అంత పిసినారి అవుతుంది. ప్యూకర్ట్ అనే ఆయన 1897లోనే ఈ లెక్క కట్టాడు. నీళ్లు పోసే సీసం బ్యాటరీకి ఆ సూత్రంలోని ఘాతాంకం 1.25 అనుకుంటే, 50 ఆంపియర్ల దగ్గర మీ 100 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా 67 నిమిషాలే నడుస్తుంది. అంటే చేతికి వచ్చేది 56 ఏహెచ్. అదీ పూర్తిగా పిండేస్తే. ఏజీఎం రకం (నీళ్లు పోయనక్కర్లేని, మూసి ఉన్న సీసం బ్యాటరీ) నయం, ఘాతాంకం 1.1 అనుకుంటే 79 దాకా వస్తుంది. లిథియంలో ఈ కోత లెక్కలోకి తీసుకోవలసినంత ఉండదు.

నిండు చెరువు:
నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదా!

పాత తెడ్డు:
తొందరపడకండి. అదే సూత్రంతో నా లెక్క కూడా చూడండి. రెండు డీప్ సైకిల్ సీసం బ్యాటరీలను సమాంతరంగా కలిపితే ఒక్కోదాని మీద పడేది 25 ఆంపియర్లే. అప్పుడు ఒక్కోటి 56 కాదు, 67 ఏహెచ్ ఇస్తుంది. రెండూ కలిపి 134. భారం పంచుకుంటే పిసినారి కూడా చేయి విప్పుతాడు.

నిండు చెరువు:
ఆ రెంటి బరువు 56 కిలోలు. అంటే పడవలో ఇంకో మనిషి. ఆ మనిషి చేపలూ పట్టడు, తెడ్డూ వేయడు.

పాత తెడ్డు:
మాట్లాడకుండా కూడా ఉంటాడు, అది మరిచారు. బరువు పడవ మధ్యన, అడుగున ఉంటే నిలకడ పెరుగుతుంది కూడా.

చిన్న అల:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఖాళీగా ఉంది. పడవలో పెట్టుకోవచ్చా?

పాత తెడ్డు:
అడుగంటా వాడుకోవడానికి అది మంచి బ్యాటరీయే. కానీ ఎత్తు ఎక్కువ, బరువు ఎక్కువ. పడవ ఒరిగితే మూతల నుంచి యాసిడ్ చిందుతుంది. అల్యూమినియం పడవలో ఆ పని అసలు చేయకండి. నేను ఒకసారి చేశాను, చిల్లు పడలేదు గాని ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

తీగల పని:
గాలం కర్ర గారూ, మీ మోటారు నాబ్ ఐదు మెట్లలో తిరుగుతుందా, మెట్లు లేకుండా మెల్లగా తిరుగుతుందా? ఐదు మెట్ల పాత రకమైతే తక్కువ వేగంలో మిగిలిన కరెంటును తీగచుట్టలో వేడిగా తగలేస్తుంది. రెండో రకం కరెంటును తుంచి తుంచి ఇస్తుంది కాబట్టి ఆదా ఎక్కువ. వీలైతే డీసీ కొలిచే క్లాంప్ మీటరు అరువు తెచ్చుకుని ఒక పూట లెక్క రాయండి. బ్యాటరీ దగ్గరా మోటారు దగ్గరా వోల్టేజీ కూడా చూడండి.

గాలం కర్ర:
ఆదివారం కొలిచాను. మెట్లు లేని నాబే. పదిలో పది మీద పెడితే 48 ఆంపియర్లు. ఐదు మీద 14. మూడు మీద 6. నేను ఇన్నాళ్లూ ఐదు అంటే సగం ఖర్చు అనుకున్నాను! వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి అరగంట నిండు వేగం, రెండు గంటలు ఐదు మీద, ఒక గంట మూడు మీద నడిపాను. మిగతా సమయం లంగరు వేసి కూర్చోవడమే. నిండు వేగంలో బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు, మోటారు దగ్గర 10.9. ఈ తేడా ఎందుకు?

తీగల పని:
ముందు ఖర్చు లెక్క. 24, 28, 6 కలిపితే 58 ఏహెచ్. నీటిలో వేగం సగం చేస్తే కావలసిన శక్తి సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఆ అరగంట దాదాపు రెండు గంటలంత తినేసింది. ఈ 58కి ఒక్క సీసం బ్యాటరీ కొత్తదైతే బొటాబొటిగా సరిపోవచ్చు, సగం దాటకూడదన్న నియమంతో చూస్తే మాత్రం చాలదు. సీసమైతే రెండు కావాలి, లిథియమైతే 100 ఏహెచ్‌ది ఒకటి సరిపోతుంది, ఎదురుగాలికి కొంత మిగులుతుంది కూడా.

ఇక ఆ 1.2 వోల్టులు మీ తీగలో వేడి అవుతున్నాయి. మీరు వాడింది 6 చదరపు మిల్లీమీటర్ల తీగ అయి ఉండాలి. నాలుగు మీటర్లు పోను, నాలుగు రాను, 48 ఆంపియర్లకు సుమారు అంతే పోతుంది. అంటే దాదాపు 58 వాట్లు దారిలోనే ఆవిరి. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఈ నష్టం 0.45 దగ్గరికి వస్తుంది. బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల డీసీ బ్రేకర్ పెట్టండి. ఏ బ్యాటరీ కొన్నా ఈ రెండూ తప్పవు. లిథియానికి మరీ ముఖ్యం, షార్ట్ అయితే అది ఇచ్చే కరెంటుకు సన్నని తీగ ఎర్రగా కాలుతుంది.

నిండు చెరువు:
లిథియంతో ఇంకో లాభం, వోల్టేజీ ఎక్కువ కాబట్టి అదే మోటారు ఇంకొంచెం చురుగ్గా లాగుతుంది.

తీగల పని:
లాభం అనే ముందు మోటారు పుస్తకం చదవండి. లిథియం మీద ఎక్కువసేపు నిండు వేగంలో నడపవద్దని కొన్ని పుస్తకాల్లో రాసి ఉంటుంది, మోటారు వేడెక్కుతుందని. పెట్రోలు ఇంజను కూడా ఉన్నవాళ్లు దాని ఛార్జింగు తీగను నేరుగా లిథియానికి తగిలించవద్దు. ఖాళీ లిథియం కరెంటును గుటకలు గుటకలుగా మింగుతుంది, పాపం ఆ ఆల్టర్నేటరు కాలిపోవచ్చు. మధ్యలో డీసీ నుంచి డీసీ ఛార్జరు ఉండాలి. సున్నా డిగ్రీలకు దిగువన లిథియానికి ఛార్జింగు పెట్టనే కూడదు.

పాత తెడ్డు:
ఇన్ని షరతులా! నా బ్యాటరీలకు నెలకోసారి డిస్టిల్డ్ వాటర్, వచ్చిన రాత్రే ఛార్జింగు, గాలి ఆడే చోటు. అంతే.

నిండు చెరువు:
"వచ్చిన రాత్రే" అన్నారు చూడండి, అదీ షరతే. రెండు వారాలు ఖాళీగా వదిలేస్తే సీసం ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి చస్తుంది.

పాత తెడ్డు:
వదిలేసేవాడికి బ్యాటరీ ఎందుకు, కోడిపుంజు ఎందుకు? రెంటికీ రోజూ చూసుకునే మనిషి కావాలి.

గాలం కర్ర:
తీగ మార్చాను, బ్రేకర్ పెట్టాను. అదే పాత బ్యాటరీతోనే మోటారు దగ్గర 11.6 వచ్చింది. తేడా చేతికి తెలుస్తోంది. కానీ నేను ఇన్ని రోజులూ చెప్పని విషయం ఒకటి ఉంది. పడవ రేవులోనే ఉంటుంది, బ్యాటరీని మాత్రం ప్రతిసారీ నిటారుగా ఉన్న గట్టు మీదుగా మోసుకుని ఇంటికి తెస్తాను. నా నడుము ఒక్క సీసం బ్యాటరీకే అరుస్తోంది, రెంటిని మోయడం నా వల్ల కాదు. లిథియమే తీసుకుంటున్నాను, షంట్ మీటరుతో సహా. పాత తెడ్డు గారూ, నొచ్చుకోకండి. ఒక సందేహం మిగిలింది: ఇంట్లో ఉన్న సీసం ఛార్జరే దీనికీ వాడవచ్చా?

పాత తెడ్డు:
నొచ్చుకోవడం దేనికండీ, నడుము గురించి మొదటి రోజే చెప్పి ఉంటే నేను ఇంత రాసేవాడినే కాదు. తెడ్డు మాత్రం పడవలోంచి తీయకండి.

తీగల పని:
ఛార్జరు మీద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అన్న మోడ్ ఉంటే వాడండి. 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగాలి. మీ పాత ఛార్జరులో సల్ఫేటు కరిగించే మోడ్ గాని, ఈక్వలైజ్ అనేది గాని దానంతటదే మొదలయ్యే పని అయితే వద్దు, అది 15 వోల్టులు దాటిస్తుంది, బీఎంఎస్ మొరాయిస్తుంది. ఛార్జరు మోడల్ కింద రాసి ఉన్న వోల్టేజీలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.