అప్‌డేట్: ఈసారి మక్లూబా కూలిపోలేదు

మా నాన్నది పాలస్తీనాలోని నాబ్లుస్, అమ్మది గుంటూరు. తేతా, అంటే మా నానమ్మ, చేసే మక్లూబా (మాంసం, వంకాయలు, బియ్యం పొరలుగా వండి, గిన్నెను పళ్లెంలో బోర్లించి వడ్డించే వంటకం) నేను చేస్తే తిరగేసిన ప్రతిసారీ కూలిపోతోందని నెల క్రితం అడిగాను కదా. మీరు చెప్పినట్టే వంకాయ ముక్కలకు ఉప్పు రాసి, నీరు తుడిచి వేయించాను. బియ్యం అరగంట నానబెట్టాను. అసలు తప్పు నా తొందరే. పొయ్యి మీంచి దించాక పావుగంట ఆగాలి. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి మేనత్త వీడియో కాల్‌లో చూస్తూ, "గిన్నె అడుగున అరచేత్తో తట్టు, ఇంకోసారి తట్టు" అంది. మెల్లగా గిన్నె ఎత్తాను. పైన వంకాయలు, మాంసం, కింద పసుపు అన్నం, ఏదీ చెదరలేదు! ఇల్లంతా దాల్చినచెక్క, ఆల్‌స్పైస్ వాసన. నాన్న పెరుగు వేసుకుని మాట్లాడకుండా రెండుసార్లు వడ్డించుకున్నారు. తర్వాత తేతా గురించి నేనెప్పుడూ వినని సంగతులు రాత్రి పదకొండు దాకా చెబుతూనే ఉన్నారు. సుమాక్ అనే పుల్లటి మసాలా పొడి కూడా దొరికింది, వచ్చే వారం అది వేసి రొట్టె మీద వడ్డించే కోడి వంటకం ముసఖ్ఖన్ చేస్తాను.