రూమ్మేట్ ఐసీయూ పేషెంట్ వీడియో స్టోరీలో పెట్టింది. తనకే చెప్పాలా, మేడమ్‌కి చెప్పాలా?

మూడో_ఏడు_నర్సింగ్:
బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇప్పుడు జిల్లా ఆసుపత్రి ఐసీయూలో పోస్టింగ్. మా బ్యాచ్ అమ్మాయి, నా రూమ్మేట్ కూడా, నిన్న నైట్ డ్యూటీలో ఒక వీడియో తీసి ఇన్‌స్టా స్టోరీలో పెట్టింది. పురుగుల మందు తాగి వచ్చిన అమ్మాయి, మా ఈడుదే. మొహం మీద ఎమోజీ అతికించింది గానీ చేతి మీద పచ్చబొట్టు, మంచం చివర కేస్ షీట్ కనిపిస్తున్నాయి. వీడియో ఆపి జూమ్ చేస్తే ఊరి పేరు చదవొచ్చు. వెనక విషాదం పాట, పైన "ఎవరి కోసమూ ప్రాణం తీసుకోకండి ప్లీజ్" అని రాత. చెడు ఉద్దేశంతో పెట్టలేదు, అది నాకు తెలుసు.

తనకి చెప్తే రూమ్‌లో మాటలుండవు. మేడమ్‌కి చెప్తే తనని పోస్టింగ్ నుంచి తీసేస్తారు, నన్ను క్లాసంతా పక్కన పెడుతుంది. ఏం చేయమంటారు?

చాయ్_బ్రేక్:
స్టోరీయే కదా, 24 గంటల్లో పోతుంది. వదిలేయ్.

జీఎన్ఎం_అక్క:
ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. రేపు "నేనెప్పుడు పెట్టాను" అంటుంది.

పాత_హెడ్‌సిస్టర్:
స్క్రీన్‌షాట్ తీయకు తల్లీ. తీశావంటే ఆ పేషెంట్ బొమ్మ ఇంకో ఫోన్‌లోకి ఎక్కినట్టే. ఎప్పుడు పెట్టింది, ఏం కనిపించింది, కాగితం మీద రాసుకో, చాలు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసి రిటైరయ్యాను. ఇవాళ రాత్రే ఆ అమ్మాయిని పక్కకి పిలువు, నలుగురిలో వద్దు. "అది తీసెయ్, ఆ పిల్ల అన్నో తమ్ముడో చూస్తే ఏమవుతుందో ఆలోచించు" అని చెప్పు. తీసేసిందా, అక్కడితో ఆపు. మేడమ్ దాకా, ప్రిన్సిపాల్ దాకా మోయకు. ఆఫీసు గది దాకా వెళ్లిన విషయం పిల్లని దిద్దడానికి పనికిరాదు, నోటీసు బోర్డుకే పనికొస్తుంది.

సెక్షన్_శాస్త్రి:
అసలు ఇక్కడ తప్పేమిటో ముందు తేల్చండి. మొహం లేదు, పేరు లేదు. గుర్తుపట్టలేని మనిషి గోప్యతకి భంగం ఎలా కలుగుతుంది? 2010లో అమెరికా కాన్సాస్‌లో నర్సింగ్ విద్యార్థినులు ల్యాబ్‌లో మాయతో (కాన్పు తర్వాత బయటికొచ్చే ప్లాసెంటాతో) ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు. కాలేజీ నలుగురిని తీసేసింది. కేసు వేసిన అమ్మాయిని తిరిగి చేర్చుకోమని 2011 జనవరిలో ఫెడరల్ కోర్టు చెప్పింది. ఆ మాయ ఎవరిదో తెలిసే గుర్తు ఆ ఫొటోలో ఏదీ లేదు కాబట్టి.

లీడ్స్_తెలుగు_నర్స్:
శాస్త్రి గారూ, సగమే చెప్పారు. ఫొటో తీసుకోవడానికి టీచర్ అడ్డు చెప్పలేదన్నది, కాలేజీ సరిగ్గా విచారణ చేయలేదన్నది కూడా ఆ తీర్పులో ముఖ్యమే. పైగా మాయ మీద పచ్చబొట్టు ఉండదు, ఊరి పేరు ఉండదు.

ఇక్కడ యూకేలో స్టూడెంట్లకి మొదట్లోనే ఎన్ఎంసీ (నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) కోడ్ చేతికిస్తారు. పేషెంట్‌కి హాని జరిగేది చూస్తే పైవాళ్లకి చెప్పడం బాధ్యత, స్నేహం దానికి మినహాయింపు కాదు. చెల్లీ, నువ్వు మేడమ్‌కి చెప్పాల్సిందే. ఇందులో రెండో మాట లేదు.

పాత_హెడ్‌సిస్టర్:
లీడ్స్‌లో ఉండి చెప్పడం తేలికమ్మా. అక్కడ ఒరిజినల్ సర్టిఫికెట్లు నీ దగ్గరే ఉంటాయి. ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పిల్లల సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో పెట్టి తాళం వేసే చోట్లున్నాయి. లాగ్ బుక్‌లో సంతకం కావాలన్నా, ఇంటర్నల్ మార్కులు కావాలన్నా అదే మేడమ్ దగ్గర నిలబడాలి.

ట్యూటరమ్మ:
నేను ప్రైవేట్ కాలేజీలో క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ని. మేడమ్‌లందరూ రాక్షసులన్నట్టు రాస్తున్నారు. స్టూడెంట్ తప్పు చేస్తే ఆసుపత్రి సూపరింటెండెంట్ ముందు చేతులు కట్టుకుని నిలబడేది మేమే. కాలేజీతో ఉన్న ఒప్పందం (ఎంఓయూ) రద్దు చేస్తామంటారు, అప్పుడు బ్యాచ్ మొత్తానికీ పోస్టింగ్ పోతుంది. అందుకే నాకు ముందు చెప్పాలంటాను.

ల్యాంప్ లైటింగ్ రోజు దీపం పట్టుకుని నైటింగేల్ ప్రమాణం చదువుతారు కదా. 1893లో డెట్రాయిట్‌లో రాసినది, మనం ఇప్పటికీ చదివిస్తున్నాం. పేషెంట్ సొంత విషయాలు, ఇంటి విషయాలు బయటపెట్టనని అందులోనే ఉంది. ఆ ఫంక్షన్‌కే వీడియోగ్రాఫర్ని పెట్టి రీల్ చేస్తారనుకోండి, అది వేరే సంగతి.

శిక్ష వద్దంటారా? 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలో గదగ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రీల్స్ చేసినందుకు 38 మంది విద్యార్థుల మీద చర్య తీసుకున్నారు. మనవాళ్లకీ భయం ఉండాలి.

పాత_హెడ్‌సిస్టర్:
ఏం చర్యో కూడా చెప్పండి మేడమ్. హౌస్ సర్జన్సీ పది రోజులు పొడిగించారు. డాక్టరు కాబోయేవాళ్లకి పది రోజులు. అదే నర్సింగ్ పిల్ల అయితే తల్లిదండ్రుల్ని పిలిపించి, వరండాలో నిలబెట్టి, క్షమాపణ పత్రం రాయించి, హాస్టల్ ఖాళీ చేయిస్తారు. నేను కళ్లారా చూశాను. మా రోజుల్లో ఒక పెద్ద సార్ ఆపరేషన్ ఫొటోలు పేషెంట్ మొహంతో సహా కాన్ఫరెన్స్‌లో తెర మీద వేసేవారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చాయ్_బ్రేక్:
ఇంకో మాట. పురుగుల మందు కేసంటే ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు. పోలీసులకి సమాచారం వెళ్తుంది, మర్నాడు జిల్లా పేజీలో పేరు, ఊరు, "కుటుంబ కలహాలతో" అని సహా వచ్చేస్తుంది. ఇక స్టోరీలో దాచేదేముంది?

కొత్తగూడెం_కుర్రోడు:
దాచేదేముందా? నేను చెప్తా.

మా నాన్నని లారీ గుద్దింది. క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉండగా అక్కడ పనిచేసే ఎవరో వీడియో తీశారు. తెల్ల కోటు మోచెయ్యి ఆ వీడియోలో కనిపిస్తూనే ఉంది. మేం ఆటోలో దారిలో ఉన్నాం. "కాలు విరిగిందంతే" అని మా అమ్మకి చెప్పి తీసుకెళ్తున్నాం. సగం దారిలో మా పిన్ని ఫోన్‌కి ఊరి గ్రూపు నుంచి ఆ వీడియో వచ్చింది. అమ్మ అందులోనే చూసింది. ఆసుపత్రి వాళ్లని అడిగితే "మా స్టాఫ్ కాదు, ఎవరో అటెండెంట్లు" అన్నారు. ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు.

పేపర్లో వస్తే చదువుతారు, మర్చిపోతారు. వీడియో అలా కాదు. సంబంధం మాట్లాడేటప్పుడు పెళ్లికొడుకు మేనత్త ఫోన్‌లోంచి బయటికొస్తుంది. ఆ అమ్మాయి బతికితే ఆ ఊళ్లోనే బతకాలి.

జీఎన్ఎం_అక్క:
😔 అయ్యో తమ్ముడూ.

సెక్షన్_శాస్త్రి:
మీ బాధ అర్థమైంది. కానీ మీ నాన్నగారి మొహం కనిపించింది. ఇక్కడ ఎమోజీ ఉంది. చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో ఫొటోలు, సమాచారం బయటపెట్టొద్దన్న సెక్షన్ ఉంది, నిజమే. అది మానసిక చికిత్సా కేంద్రాల్లో చికిత్స పొందేవారి గురించి. జనరల్ ఐసీయూకి వర్తిస్తుందా అన్నది చర్చనీయాంశం.

లీడ్స్_తెలుగు_నర్స్:
అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 లాంటి సెక్షన్ 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు. చట్టమే ఆ మనిషిని నేరస్థురాలిగా చూడటం మానేసింది. మీరింకా ఎమోజీ సైజు కొలుస్తున్నారు.

కొత్తగూడెం_కుర్రోడు:
హెడ్‌సిస్టర్ గారూ, మిమ్మల్నే అడుగుతున్నా. "పక్కకి పిలిచి చెప్పు, తీసేస్తే ఆపు" అన్నారు. మా నాన్న వీడియో తీసినవాడికి కూడా ఎవరో ఇలాగే పక్కకి పిలిచి చెప్పి ఉంటారు. వాడు డిలీట్ చేసి ఉంటాడు. ఇంటికెళ్లి హాయిగా పడుకుని ఉంటాడు. మీ వాళ్లని మీరే కాపాడుకుంటారు, అంతే.

పాత_హెడ్‌సిస్టర్:
మీ వాళ్లు, మా వాళ్లు అని మాట్లాడకండి బాబూ. కరోనా వార్డులో మీవాళ్లకి నీళ్లు తాగించింది మావాళ్లే.

నాకు తెలియక చెప్పలేదు. ఒకప్పుడు హెచ్‌ఐవీ పేషెంట్ కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో పెద్దక్షరాలు రాసి మంచానికి తగిలించేవాళ్లు. వార్డంతా చదివేది, పక్క మంచం వాళ్లు చాప తీసుకుని దూరంగా పోయేవాళ్లు. రాసింది స్టూడెంట్లు కాదు, రాయమన్నది పెద్దవాళ్లు. 2017లో దానికి విడిగా చట్టమే తేవాల్సి వచ్చింది. గోప్యత మా దగ్గర ఎప్పుడుందని ఒక్క పిల్ల మెడకి కట్టాలి? మంత్రిగారు పరామర్శకి వస్తే పది కెమెరాలు మంచం మీదికి వంగుతాయి. అప్పుడు ఈ ట్యూటర్ మేడమ్ ఎక్కడుంటారు?

ట్యూటరమ్మ:
మంత్రి తప్పు చేస్తే నా స్టూడెంట్ చేయొచ్చా? ఇదేం వాదన మేడమ్? మీలాంటి సీనియర్లు సర్దిచెప్పి సర్దిచెప్పే ఇక్కడిదాకా వచ్చింది.

కొత్తగూడెం_కుర్రోడు:
ఒకటి గమనించారా? శిక్ష వేయాలా, వద్దా, ఎవరికి చెప్పాలి, మేడమ్‌కా, ప్రిన్సిపాల్‌కా... ఇంతమంది ఇంత రాశారు. ఆ పేషెంట్‌కి గానీ, వాళ్లమ్మకి గానీ చెప్పాలని ఒక్కరైనా అన్నారా? వీడియో ఆమెది. అందరికీ తెలుసు, ఆమెకి తప్ప.

ట్యూటరమ్మ:
చెప్తే ఏమవుతుందో తెలుసా? సాయంత్రానికి ఊరి నుంచి రెండు ట్రాక్టర్ల జనం వస్తారు. అద్దాలు పగులుతాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్, వీడియోతో ఏ సంబంధమూ లేని మనిషి, దెబ్బలు తింటుంది. దాడి కేసులు మీరు చూడలేదు, మేం చూశాం. పేషెంట్ వాళ్లకి చెప్పడం కుదరదు. అది నేను ఒప్పుకోను.

కొత్తగూడెం_కుర్రోడు:
అదీ అసలు సంగతి. భయం పేషెంట్ పరువు గురించి కాదు, అద్దాల గురించి.

పాత_హెడ్‌సిస్టర్:
ఈ ఒక్క విషయంలో మేడమ్‌తో నేనూ ఏకీభవిస్తాను. ఆ పిల్ల ఇంకా తేరుకోలేదు. గొంతు, ఊపిరితిత్తులు ఏ స్థితిలో ఉన్నాయో. ఇప్పుడు వెళ్లి "నీ వీడియో తిరుగుతోంది" అంటే మళ్లీ ఏం చేస్తుందోనని ఆలోచించారా?

లీడ్స్_తెలుగు_నర్స్:
ఇప్పుడే చెప్పమని కాదు. కోలుకున్నాక, సైకియాట్రిస్ట్ చూశాక, బాధ్యత గల డాక్టరూ వార్డ్ సిస్టరూ కూర్చుని చెప్పాలి. ఇక్కడ పద్ధతి అదే, దాచిపెట్టి డిశ్చార్జ్ చేయరు. అలా జరగాలంటే విషయం రాతలో ఉండాలి. రూమ్‌లో గుసగుసగా తేల్చేస్తే కోలుకున్నాక చెప్పేవాళ్లు ఎవరుంటారు?

పాత_హెడ్‌సిస్టర్:
రాతలో పెట్టండి, కాదనను. పిల్ల పేరు లేకుండా పెట్టండి. "విద్యార్థిని ఒకరు" అనండి.

కొత్తగూడెం_కుర్రోడు:
అంటే మళ్లీ "ఎవరో అటెండెంట్లు".

మూడో_ఏడు_నర్సింగ్:
అందరికీ థాంక్స్. రాత్రి తనతో మాట్లాడాను. మొదట నా మీద అరిచింది, తర్వాత ఏడ్చింది, స్టోరీ తీసేసింది. "పీజీ సార్ అదే పేషెంట్ ఎక్స్‌రే, పేరు కనిపించేలా, గ్రూపులో పెట్టారు, ఆయన్ని ఎవరూ అడగలేదేం" అంది. నా దగ్గర జవాబు లేదు.

కానీ తీసేసేలోపే ఎవరో స్క్రీన్ రికార్డ్ చేశారు. మా జూనియర్ల గ్రూపులో ఇవాళ పొద్దున చూశాను. అంటే 24 గంటల్లో పోలేదు. తనకి ముందే చెప్పాను, రేపు మార్నింగ్ డ్యూటీలో సీఐ (క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్) మేడమ్‌కి చెప్తానని, తననీ నాతో రమ్మన్నాను. ఇంకా ఏమీ అనలేదు. జూనియర్లకి ఫార్వర్డ్ చేయొద్దని నేనే మెసేజ్ పెట్టాను, ఇద్దరు నవ్వుతున్న బొమ్మలు పంపారు.

పేషెంట్‌ని ఫీమేల్ మెడికల్ వార్డుకి మార్చారు. వాళ్లమ్మ మమ్మల్నిద్దరినీ "బిడ్డా" అనే పిలుస్తుంది. ఆమెకి చెప్పడం నా పని కాదని మీలో సగం మంది అంటున్నారు. ఎవరి పనో రేపు మేడమ్‌నే అడుగుతాను.

జీఎన్ఎం_అక్క:
రూమ్మేట్ రాకపోయినా నువ్వు వెళ్లు. మేడమ్ ఒక్కరే ఉన్నప్పుడు కాకుండా వార్డ్ సిస్టర్ కూడా ఉన్నప్పుడు చెప్పు.

ట్యూటరమ్మ:
ఆ ఎక్స్‌రే సంగతి కూడా అదే కాగితంలో రాయమ్మా. వదలొద్దు.

సెక్షన్_శాస్త్రి:
చిన్న సందేహం. కేస్ షీట్‌లో కనిపించింది ఊరి పేరా, మండలం పేరా?